మూడు వన్నెల హంస మాడ

హంసగిరికి ఆ పేరు ఊరికే రాలేదు. తెల్లని శిలలు పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఆ కొండ, పొద్దుటి ఎండలో రెక్కలు విప్పుకుని ఎగరబోతున్న హంసలాగే కనిపిస్తుంది. దాని మెడవంపులో నూటొక్క మెట్లు, మెట్ల పైన గుహ, గుహకు ఒంటిరాతి తలుపు, ఆ తలుపు మీద నిలువెత్తు రాతిహంస. కళ్లకు కెంపులు, పాదాలకు పగడాలు, మెడలో మరకతాల హారం. ముక్కు మాత్రం వట్టి రాయి. అది వేలెడు సందు వదిలి తెరుచుకుని, ఎవరైనా ఏదైనా పెడతారేమోనని తరతరాలుగా ఎదురుచూస్తూ ఉంటుంది.

కుముదపుర రాజ్యాన్ని స్థాపించిన రాజహంస మహారాజు రెండు వందల ఏళ్ల కిందట ఆ తలుపును చేయించాడు. మామూలు రోజుల్లో అది తెరిచే ఉంటుంది. ఒకసారి మూసుకుందంటే మాత్రం, ఆయన మొట్టమొదట అచ్చు వేయించిన బంగారు నాణేన్ని, అంటే తొలి హంస మాడను, ఆ ముక్కులో పెడితేనే తెరుచుకుంటుంది. మరో నాణెం పెట్టినవాడు పెట్టినచోటే శిల అయిపోతాడు. ఏడో రోజు సూర్యుడు కొండ వెనక్కి దిగేలోగా తెరవకపోతే తలుపు కొండలో కలిసిపోతుంది, లోపలున్నవారి సంగతి ఇక భగవంతుడికెరుక.

ఇప్పుడు లోపలున్నది ధవళకీర్తి మహారాజు ఒక్కగానొక్క కూతురు మదలేఖ. పుట్టినరోజున కులదైవానికి దీపం పెట్టడానికి వెళ్లింది, వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఈ రోజు ఏడో రోజు. మెట్ల మీద అప్పటికే మూడు శిలలు నిలబడి ఉన్నాయి. ఒకరు సేనాపతి, ఒకరు సామంతరాజు కొడుకు. మూడోవాడు బహుమానం మీద ఆశతో తన అమ్మమ్మ కాసులపేరులోంచి ఒక కాసు ఊడబెరుక్కొచ్చిన ఘనుడు. ఆ అమ్మమ్మ రోజూ పొద్దున్నే వచ్చి వాణ్ణి తిట్టి, కళ్లు తుడుచుకుని వెళుతోంది.

నాలుగో రోజున ద్వీపాంతరం నుంచి మణిగుప్తుడనే వర్తకుడు దిగాడు. వేళ్ల నిండా ఉంగరాలు, వాటిలో ఒకటి నల్లరాతిది, నోటి నిండా తేనె. అతని పెట్టెలో ఒక హంస మాడ ఉంది. నిన్నగాక మొన్న అచ్చులోంచి ఊడిపడ్డట్టు తళతళలాడుతోంది. తొలి మాడకు గుర్తని పెద్దలు చెప్పుకునే తామరమొగ్గ కూడా హంస ముక్కున స్పష్టంగా కనిపిస్తోంది.

ఇక్కడ కుముదపురం వారి పిచ్చి ఒకటి చెప్పుకోవాలి. వారికి పాత నాణేలంటే ప్రాణం. ఏనుగును అమ్మి నాణెం కొన్న సామంతులున్నారు. అందుకే ఆ నగరంలో వన్నెశాల వెలసింది. అక్కడి పరీక్షకులు నాణెం అరుగుదల, మెరుపు, అంచు చూసి ఒకటి నుంచి పదహారు దాకా వన్నె కడతారు. ఆ పైన నాణేన్ని రెండు అభ్రకపు రేకుల మధ్య పెట్టి, చుట్టూ లక్కతో మూసి, తమ ముద్ర వేస్తారు. ఒకసారి వేసిన ముద్రను విప్పకూడదు. తన ముద్ర తానే విప్పిన పరీక్షకుడు తన గీటురాయిని నలుగురి ఎదుట పగలగొట్టి, మళ్లీ జన్మలో వన్నె కట్టకూడదు. అది శాల కట్టుబాటు.

మణిగుప్తుడి మాడకు పదహారు వన్నెలు కట్టి ముద్ర వేసినవాడు త్రిలోచనుడు. శాలలో పెద్దవాడు, నిక్కచ్చి మనిషి. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాదన్నవాడు కొమ్మన. కుమ్మరి ఇంట పుట్టి, కేవలం కంటి చలవతో శాలలో రెండో పీట దాకా వచ్చినవాడు. ఆ ఏడో రోజు ఉదయం, మెట్ల కింద వేసిన రాజుగారి డేరాలో, ఇద్దరూ ఆ నాణెం మీద వాదనకు దిగారు.

"మిట్ట మీదా అదే మెరుపు, పల్లంలోనూ అదే మెరుపు. ఎవరూ తాకకపోయినా రెండు వందల ఏళ్ల నాణేనికి పల్లంలో కాస్త నలుపు ఉండాలి. దీనికి నేను ఒక్క వన్నె కూడా ఇవ్వను" అన్నాడు కొమ్మన.

గంధపు పెట్టెలో పట్టుగుడ్డ చుట్టి దాచినదానికి నలుపెందుకు వస్తుందన్నాడు త్రిలోచనుడు. అంత దాపరికంలో ఉన్న నాణేనికి అంచున ఆ నునుపు ఎక్కడిదన్నాడు కొమ్మన. అది తొలి అచ్చు నునుపు అన్నాడు ఆయన. ఎండ పైకెక్కింది గానీ మాట తెగలేదు. విసిగిపోయిన మంత్రి, గీటురాయి మీద ఒక్క గీత గీసి చూస్తే పోలేదా అన్నాడు. పరీక్షకులిద్దరూ పాము కరిచినట్టు చూశారు. పదహారు వన్నెల నాణేన్ని గీటు పెడితే పదిహేనుకు దిగిపోతుందట. పాత నాణేన్ని గీయడం వారి దృష్టిలో పసిబిడ్డను గిచ్చడంతో సమానం. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

మణిగుప్తుడు చేతులు జోడించి, కన్నతండ్రే తన చేత్తో మాడ పెడితే హంస కరుణిస్తుందని మెత్తగా అన్నాడు. రాజు లేవబోయాడు. కొమ్మన అడ్డం పడి సాయంత్రం దాకా గడువు అడిగాడు. పక్కన పెట్టి పోల్చడానికి నిజమైన హంస మాడ మరొకటి దొరికితే నిజం తేలిపోతుందని చెప్పాడు.

"మరొకటి ఎక్కడుంది?" అన్నాడు రాజు.

కొమ్మన తల వంచుకున్నాడు. "ఉంది మహారాజా. దానికి వన్నె కట్టింది నేనే" అన్నాడు.

ఏడేళ్ల కిందట మహారాణి కన్నుమూసినప్పుడు అంతఃపురం వస్తువులన్నీ పరీక్షకు వచ్చాయి. రాచమంత్రసాని ఎల్లసాని దగ్గర ఒక హంస మాడ దొరికింది. దాని అంచు ఒకవైపు ఏటవాలుగా అరిగి, హంస ముక్కు పూర్తిగా పోయి ఉంది. అప్పుడే పీట ఎక్కిన కొమ్మన, అది ఆకురాయితో బంగారం గీకిన గుర్తని తేల్చి, 'మూడు వన్నెలు, గీకిన నాణెం' అని ముద్ర వేశాడు. నాణెం గీకిన దొంగ మెడలో ఆ నాణేన్నే కట్టి, ఊరి నుంచి వెలివేయడం అక్కడి శిక్ష. నలభై ఏళ్లు రాజుల బిడ్డలకు బొడ్డుకోసిన ఆ ముసలామె, మెడలో అభ్రకపు బిళ్లతో ఏరు దాటి వెళ్లిపోయింది.

వెలివాడ ఆమడ దూరం. కొమ్మన రాజుగారి గుర్రాన్ని అడిగి తీసుకుని దుమ్ము రేపుకుంటూ పోయాడు. వాడలోకి రాజోద్యోగి అడుగుపెడితే రాళ్లు పడతాయి. అందుకని ఏటి ఒడ్డున ఒక గాజులవాడికి తన జరీ తలపాగా ఇచ్చి, అతని గాజుల మలారం, మాసిన పంచె పుచ్చుకున్నాడు. గుర్రాన్ని కట్టేసి తెప్ప మీద అవతలికి చేరాడు. "గాజులమ్మ గాజులు" అని కేకేసుకుంటూ వాడంతా తిరిగాడు. పాపం, దారిలో ఇద్దరు ఆడపిల్లలకు గాజులు తొడగాల్సి వచ్చి నాలుగు పగలగొట్టాడు.

ఎల్లసాని ఒక మేదరి ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టు ముగ్గుబుట్టయింది. మెడలో ఆ బిళ్ల అలాగే వేలాడుతోంది. ఆ ఇంటి బాలింత పక్కన నాలుగు రోజుల పసిబిడ్డ కేరుమంటున్నాడు. ఎల్లసాని ఒక చిన్న సానరాయి మీద రెండు చుక్కలు తేనె వేసి వసకొమ్ము అరగదీస్తోంది.

ఆమె తల ఎత్తకుండానే, "కూర్చో నాయనా. గాజులవాడి వేళ్లకు గాజుగీట్లుంటాయి. నీ గోళ్ల కింద లక్క ఉంది" అంది.

కొమ్మన మలారం దించి కూర్చున్నాడు. అతని కళ్లు ఆ సానరాయి మీద పడ్డాయి. రాయి మధ్యలో వసకొమ్ము తిరిగిన గుంట ఉంది. దాని పక్కన సన్నగా, ఏటవాలుగా మరో గాడి ఉంది. ఆ గాడి అడుగున తేనె కింద పసుపుపచ్చని మెరుపు కనిపిస్తోంది. ఆ ఏటవాలు అతనికి బాగా తెలుసు. ఏడేళ్ల కిందట మూడు రోజులు తదేకంగా చూసిన ఏటవాలు అది. ఆకురాయి అయితే గరుకు గీట్లు వదలాలి. ఆ అంచు వెన్నలా నునుపుగా ఉందని అప్పుడే చూశాడు. చూసి కూడా, దొంగ తెలివైనవాడనుకున్నాడు.

"అవ్వా, ఈ గాడి..." అన్నాడు.

ఆమె నింపాదిగా చెప్పింది. రాజహంస మహారాజుకు తొలిబిడ్డ పుట్టినప్పుడు, తొలి మాడను ఆయనే తెచ్చి మంత్రసాని చేతిలో పెట్టాడట. బిడ్డకు తేనెలో బంగారం అరగదీసి నాకించమన్నాడట. ఆ మంత్రసాని ఎల్లసాని ముత్తవ్వకు ముత్తవ్వ. అప్పటి నుంచి ఆ రాజవంశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇదే రాయి మీద, ఇదే మాడ, ఒక్క చుట్టు అరగదీసి నాకించారు. రాణికీ మంత్రసానికీ తప్ప ఎవరికీ తెలియదు, ఆ సంగతి పురిటిగది గడప దాటేది కాదు. తెలిసిన రాణి అప్పటికే పోయింది.

"మరి ఆ రోజు చెప్పలేదేం అవ్వా?"

"చెప్పాను నాయనా. నువ్వు నాణెం చూస్తున్నావు."

వన్నెశాలలో చేరిన రోజున నేర్పే మొదటి పాఠం అదే: నాణేన్ని చూడు, తెచ్చినవాడి ముఖం చూడకు, మాట వినకు. లంచానికీ మొహమాటానికీ లొంగకుండా ఉండడానికి పెట్టుకున్న మంచి నియమం. దానితోనే కొమ్మన ఒక నిర్దోషి మెడకు ఉరి బిగించినంత పని చేశాడు. సిగ్గుతో, దుఃఖంతో అతను ఆ అరుగు మీదే ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. గాజుల మలారం దొర్లిపోయింది. ఎల్లసాని అతని తల నిమరలేదు, కాళ్లూ వెనక్కి తీసుకోలేదు. బిడ్డకు వస నాకించడం పూర్తి చేసి, మూతి తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టింది. అప్పుడు, ఇంతకూ ఎందుకొచ్చావని అడిగింది.

మదలేఖ పేరు వినగానే ముసలామె లేచి నిలబడింది. సానరాయిని కొంగున కట్టుకుంది. "ఆ పిల్ల పుట్టినప్పుడు జాముసేపు ఏడవలేదు. ఈ మాడ నాకించాకే గుక్కపెట్టింది. పద. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అంది.

తెప్ప నడి ఏటికి చేరేసరికి నీళ్ల మీద పెద్ద నీడ పరుచుకుంది. కొమ్మన తలెత్తి చూశాడు. రెండు తలల గండభేరుండం, ఒక్కో రెక్క తాటాకు పందిరంత, గోళ్లు కొడవళ్లలా చాచి దిగుతోంది. దాని కాలికి మణిగుప్తుడి వేలికి ఉన్నటువంటి నల్లరాతి ఉంగరం మెరిసింది. అది చూశాక వర్తకుడెవరో కొమ్మనకు అర్థమైంది. ముప్పై ఏళ్లుగా కుముదపుర సింహాసనం కోసం కాచుకున్న, గండభేరుండాన్ని పెంచుకునే కంకాళుడనే మాంత్రికుడి కథ, ఆ దేశంలో చంటిపిల్లలను నిద్రపుచ్చడానికి చెబుతారు.

మొదటి దెబ్బకు తెడ్డు విరిగింది. రెండో దెబ్బకు తెప్ప అంచు తెగి, ఒక దుంగ వాలున కొట్టుకుపోయింది. అలజడికి నాలుగు మొసళ్లు నోళ్లు తెరుచుకుని వచ్చి వరస కట్టాయి. కొమ్మన విరిగిన తెడ్డుతో పక్షి కాలిని మోదాడు గానీ, అది పట్టు వదలకుండా ముసలామె మెడలోని బిళ్ల మీదకే దూకింది. ఎల్లసాని వెనకడుగు వేయలేదు. బిళ్లను రెండు వేళ్లతో పట్టి ఎండకు తిప్పింది. అభ్రకం మీద పడిన వెలుగు కుడితల కళ్లలో, ఆ వెంటనే ఎడమతల కళ్లలో గుచ్చుకుంది. రెండు తలలూ గుడ్డివై, ఒకదాన్నొకటి శత్రువనుకుని పొడుచుకుంటూ నీళ్లలో కూలాయి. మొసళ్లకు ఆ పూట పండగయింది.

"ఏడేళ్లకు నీ ముద్ర ఒక పనికొచ్చింది" అంది ఎల్లసాని.

ఒడ్డు చేరి గుర్రమెక్కి, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, కొమ్మన ఆగకుండా తోలాడు. హంసగిరి చేరేసరికి సూర్యుడు కొండ రెక్కకు చేరువయ్యాడు. రాజు అప్పటికే తొంభయ్యో మెట్టు మీద ఉన్నాడు. చేతిలో పదహారు వన్నెల మాడ ఉంది. వెనక మణిగుప్తుడు, ఆ వెనక త్రిలోచనుడు. కొమ్మన ముసలామెను భుజాన ఎత్తుకుని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, రాజుకు ఎదురుగా నిలబడి రొప్పుతూ ఆగాడు.

అతను చెప్పిన కథ విని మణిగుప్తుడు నవ్వాడు. దొంగ మెడలోని నాణేన్ని తెచ్చి దేవుడి నోట్లో పెడతారా అన్నాడు. దాని మీద రాసిందేమిటో చదవమన్నాడు. మంత్రి చదివాడు: మూడు వన్నెలు, గీకిన నాణెం, ముద్ర కొమ్మనది.

ఆ మాట నిలిచి ఉన్నంతకాలం ఎల్లసాని దొంగే, ఆ మాడ దొంగ మాడే. కొమ్మన మొలలోంచి గీటురాయి తీశాడు. పన్నెండేళ్లు చేతిలో ఒదిగిన నల్లరాయి. దాని కోసం కుమ్మరి సారెను, తండ్రి దీవెనను వదులుకుని వచ్చాడు. దాన్ని చూస్తే అతని గుండె చెరువైంది. అయినా మెట్టు అంచుకేసి కొట్టాడు. రాయి రెండు ముక్కలైంది.

"నా వన్నె తప్పు. ఈమె నాణెం గీకలేదు. ఏడేళ్ల కిందట నేను ఈమె మాట వినలేదు" అని అందరికీ వినపడేలా చెప్పి, ఎల్లసాని మెడలోని బిళ్ల లక్కను గోటితో చీల్చాడు.

ఏడేళ్లకు గాలి తగిలిన మాడను ఆమె సానరాయి గాడిలో పెట్టాడు. అది పుట్టింటికి వచ్చినట్టు ఒదిగిపోయింది. త్రిలోచనుడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అరిగిన ముక్కు పక్కన, హంస మెడ దగ్గర, వెంట్రుకవాసి తామరతూడు మిగిలి ఉంది. మొగ్గ అరిగి రాజుల కడుపుల్లోకి పోయింది, కాడ మిగిలింది. ముసలి పరీక్షకుడు కొమ్మన భుజం మీద చెయ్యి వేసి, "నేనున్నా మూడే కట్టేవాణ్ణిరా" అన్నాడు. ఆ తర్వాత రాజు చేతిలోని మాడను అందుకుని, తన ముద్ర తానే చించి, శాల పుట్టాక ఎవరూ చేయని పని చేశాడు. పదహారు వన్నెల నాణేన్ని తన గీటురాయి మీద గీశాడు.

రాయి మీద పసుపు గీత పడలేదు. ఒట్టి బొగ్గుపొడి రాలింది. త్రిలోచనుడు తన రాయిని కూడా కొమ్మన రాయి ముక్కల పక్కన పగలగొట్టాడు.

మణిగుప్తుడి ఉంగరాలు ఒక్కొక్కటే రాలిపడ్డాయి. వేళ్లు ఎముకలయ్యాయి, పట్టుబట్టలు పొగలయ్యాయి. భటులు ఈటెలు విసిరేలోగా కంకాళుడు నల్లని పొగచుట్టగా మారి, రాతిహంస పాదాల కింది సన్నని పగులులోంచి లోపలికి జారిపోయాడు. రాజు కేక వేసి తలుపు మీద పిడికిళ్లతో కొట్టాడు. సూర్యుడు కొండ రెక్కను తాకాడు.

కొమ్మన మాడను ముక్కు దగ్గరికి తీసుకెళ్లబోతే ఎల్లసాని అతని చెయ్యి పక్కకు తోసింది. "ఈ ఇంటి బిడ్డల నోళ్లన్నీ ఈ చేత్తోనే తెరిపించాను. ఈ రాతి నోరొక లెక్కా?" అంది.

అంటూనే మాడను ఆ ముక్కులో పెట్టింది. ఆమె చెయ్యి చెయ్యిలాగే ఉంది. హంస కెంపుకళ్లు వెలిగాయి, మెడ వంగింది, మాడను మింగింది. కొండ కడుపులో ఏదో దొర్లిన చప్పుడుతో తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది. మెట్ల మీది మూడు శిలలూ ఒక్కసారి తుమ్మాయి. కింద జనంలో ఉన్న ఆ అమ్మమ్మ పైకి వచ్చి మనవడి చెవి మెలిపెట్టి కిందికి లాక్కుపోయింది. ధవళకీర్తి మహారాజు తన కిరీటం తీసి పక్కన పెట్టి, తన నాలుకకు మొదటి తేనె రుచి చూపిన ముసలి చేతులను కళ్లకద్దుకున్నాడు. ఆమె, ముందు పిల్లను చూడండయ్యా అంది.

అప్పుడే లోపలి నుంచి మదలేఖ గొంతు వినిపించింది. "నాన్నగారూ, నేను ఇక్కడున్నాను."

ఆ మాట పూర్తి కాకముందే ఎడమవైపు నుంచి అదే గొంతు, అదే మాట వినిపించింది. తర్వాత కుడివైపు నుంచి. తర్వాత లోతు నుంచి. తలుపు సందులోంచి చూస్తే వరసగా ఏడు దీపాలు, ఏడు దీపాల వెనక ఏడుగురు మదలేఖలు. చీర కుచ్చెళ్ల దగ్గర నుంచి చెక్కిలి మీది పుట్టుమచ్చ దాకా వెంట్రుకవాసి తేడా లేదు. అందులో ఆరు కంకాళుడి మాయే, అయినా ఏడు ముఖాలూ పదహారు వన్నెల్లో ఉన్నాయి. సూర్యుడు కొండ వెనక్కి దిగుతుంటే తలుపు మళ్లీ నెమ్మదిగా మూసుకోవడం మొదలుపెట్టింది.

కొమ్మన అలవాటుగా మొలకు చెయ్యి పోనిచ్చాడు. అక్కడ గీటురాయి లేదు.

ఎల్లసాని కొంగుముడి విప్పి, తేనె తడి ఇంకా ఆరని సానరాయిని అతని చేతిలో పెట్టింది. "ఇదుంచుకో. ఈసారి ముఖాలు చూస్తూ కూర్చోకు నాయనా, వాళ్లు చెప్పేది విను" అంది.

కొమ్మన రాయిని గుప్పిట బిగించి, పక్కకు తిరిగి ఆ సందులోంచి లోపలికి దూరాడు. అతని వెనక తలుపు మూసుకుంది. చీకట్లో ఏడు దీపాలూ ఒక్కొక్క అడుగే అతని వైపు నడిచి వచ్చాయి.